దస్తావేజుల తెలుగులో ‘అనుభవం’: అర్థవిచారణ

‘అనుభవం’ అనే మాటకు నేటి తెలుగులో మొదట తోచే అర్థం జీవితంలో ఎదురైనదాని వల్ల కలిగిన ఎరుక. ఉద్యోగ ప్రకటనలు అడిగేది ఆ అనుభవాన్నే. ఆత్మకథలు చెప్పేవి ఆ అనుభవాలనే. సాహిత్య విమర్శలో కవి అనుభవం, అనుభవ ప్రామాణ్యం అని చర్చించేటప్పుడు కూడా దృష్టి ఆ ఎరుక మీదనే ఉంటుంది. అయితే క్రయ దస్తావేజులో, అడంగలులో, సివిల్ దావా పత్రంలో ఇదే మాట వేరొక పని చేస్తుంది. ‘సదరు భూమి నా స్వాధీనానుభవంలో ఉన్నది’ అని రాయించిన రైతు ఆ భూమి తనకు ఏమి నేర్పిందో చెప్పడం లేదు. దాని మీద తాను ఉన్నానని, దాని ఫలం తానే తీసుకుంటున్నానని, మరొకరు తీసుకోవడం లేదని చెబుతున్నాడు. ఆ ఒక్క మాట రుజువైతే భూమి నిలుస్తుంది, కాకపోతే చేజారవచ్చు.

ఈ రెండర్థాల సంబంధాన్ని గురించి ఒక అభిప్రాయం తరచుగా వినిపిస్తుంది. ‘అనుభవం’ అసలు ఎరుకకే పేరనీ, ప్లీడరు గుమాస్తాలు, దస్తావేజు లేఖరులు దానిని కుదించి ఆస్తికి అంటగట్టారనీ ఆ అభిప్రాయ సారాంశం. పదం తెలుగు వాక్యంలో నడిచే తీరును, ధర్మశాస్త్రం నుంచి రెవెన్యూ రికార్డు దాకా దాని వెనుక ఉన్న భావాన్ని పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. న్యాయభాషలోని అనుభవం వికృతార్థం కాదు. తెలుగు క్రియ ‘అనుభవించు’ మొదటినుంచీ మోస్తున్న అర్థానికి అది దగ్గర. ఎరుక అనే అర్థం నామపదంలో బలపడి, క్రియను కూడా కమ్ముకుంటున్నందువల్ల దస్తావేజు భాష నేటి పాఠకునికి వింతగా తోస్తున్నది. ఆ వింత వల్ల కలిగే చిక్కులు మాత్రం వాస్తవమైనవి. వీలునామాల వ్యాఖ్యానంలో అవి స్త్రీల ఆస్తిహక్కు దాకా వెళ్తాయి.

నామం, క్రియ

శాస్త్రభాషలో అనుభవానికి ఉన్న స్థానం తెలిసినదే. అన్నంభట్టు తర్కసంగ్రహం జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజిస్తుంది. జ్ఞాపకం కానిది, అప్పటికప్పుడు కలిగేది అనుభవం. విద్యావంతుల తెలుగులో ఈ అర్థం స్థిరపడింది. ఆంగ్ల విద్య వచ్చిన తరువాత ఆ భాషలోని సమానపదం దీనికి మరింత ఊతమిచ్చింది.

క్రియ దారి వేరు. ‘అనుభవించు’ అనే క్రియకు కర్మగా వచ్చే పదాలను గమనిస్తే సుఖం, కష్టం, భోగం, రాజ్యం, ఐశ్వర్యం, పాపఫలం, శిక్ష కనిపిస్తాయి. వీటిలో ఏదీ తెలుసుకోదగిన విషయం కాదు. అన్నీ తనకు వచ్చి చేరే ఫలాలు. ‘అనుభవిస్తావు!’ అని ఒక్క మాటతో శపించవచ్చు. ఏమిటి అనుభవించేది అని ఎవరూ అడగరు. ‘ఇంత ఉన్నా అనుభవించే యోగం లేదు’ అన్నప్పుడు కొరత జ్ఞానానికి సంబంధించినది కాదు. ఉన్నదాని ఫలం తనకు అందకపోవడమే అక్కడి బాధ. అచ్చతెలుగు క్రియలు కూడా ఇదే దారిలో నడిచాయి. ‘ఆ చేను పదేళ్లుగా వాళ్లే తింటున్నారు’ అనే పల్లె వాక్యంలోని ‘తిను’ దస్తావేజు లేఖరి చేతిలో ‘అనుభవించు’ అవుతుంది. సంస్కృతంలోని భుజ్ ధాతువుకు తినడం, అనుభవించడం అనే రెండర్థాలూ ఉన్నాయి. కాబట్టి ఆస్తిని ‘తినడం’ మోటు మాట కాదు. భావం రెండు భాషలలోనూ ఒకటే.

రూపపరమైన ఆధారాలు కూడా ఈ భేదాన్ని చూపుతాయి. ఆస్తికి సంబంధించిన అనుభవానికి బహువచనం లేదు. ఒక వ్యక్తికి ఐదు ఊళ్లలో ఐదు కమతాలున్నా అవి అతని ‘అనుభవంలో’ ఉంటాయే గాని ‘అనుభవాలలో’ ఉండవు. బహువచనం రాగానే మాట ఆత్మకథ వైపు తిరుగుతుంది. ప్రత్యయాలు ఇంకా స్పష్టంగా విడదీస్తాయి. సంస్కృత ప్రత్యయంతో ‘అనుభవజ్ఞుడు’ అంటే తెలిసినవాడు. పారసీ నుంచి వచ్చిన ‘దారు’ చేరి ‘అనుభవదారు’ అయితే భూమి మీద ఉన్నవాడు. పట్టాదారు, కౌలుదారు, ఇనాందారు, హక్కుదారు అనే వరుసలో కూర్చోగానే సంస్కృత పదం రెవెన్యూ పదమైంది. ‘కొను’ చేరిన రూపం సంగతి కూడా ఇటువంటిదే. ఆస్తిని ‘అనుభవించుకొనవచ్చు’, శిక్షను అనుభవించడమే గాని అనుభవించుకోవడం తెలుగు కాదు. ఆత్మార్థకం చేరిన చోట తన మేలు ఉండాలి.

సప్తమి రూపంలో మాత్రం రెండర్థాలూ ఢీకొంటాయి. ‘నా అనుభవంలో ఇటువంటి భూమి లేదు’ అని ఒక సాక్షి బోనులో చెబితే, అతడు అటువంటి నేలను ఎన్నడూ చూడలేదన్నాడా, లేక తన సాగులో లేదన్నాడా? సందర్భం తేల్చవలసిందే. జిల్లా కోర్టులలో తెలుగు సాక్ష్యాన్ని ఇంగ్లీషులో నమోదు చేసే చోట ఈ ప్రశ్న వ్యాకరణ వినోదంగా మిగలదు.

‘శిక్ష అనుభవించు’ అనే ప్రయోగం వద్ద కొంత ఆగవలసి ఉంది. భూమికీ, కారాగారానికీ న్యాయభాష ఒకే క్రియను వాడుతుంది. పైకి రెండూ విరుద్ధాలు: ఒకటి కోరుకొనేది, రెండవది తప్పించుకోజూచేది. అయినా రెండింటిలోనూ న్యాయస్థానం అడిగే ప్రశ్న ఒకటే: ఎంతకాలం? భూమిని పన్నెండేళ్లు అనుభవించాడా, శిక్షలో ఎన్ని నెలలు అనుభవించాడు, రిమాండులో గడిచినది అందులో మినహాయించవచ్చా అన్నవి లెక్కలు. భూమి ఆనందాన్నిచ్చిందా, జైలు పశ్చాత్తాపం కలిగించిందా అన్నవి ఆ లెక్కలోకి రావు. లోకవ్యవహారంలో అనుభవం గుణం; న్యాయభాషలో అది కాలం. ఉద్యోగ ప్రకటనలోని ‘ఐదేళ్ల అనుభవం’ ఈ రెండింటి నడుమ నిలిచిన ప్రయోగం. మాట ఎరుకకు సంబంధించినది, కొలత మాత్రం అడంగలుది.

భుక్తి, ఆగమం

ధర్మశాస్త్ర గ్రంథాలలో ఈ భావానికి వాడిన ప్రధాన పదాలు భుక్తి, భోగం. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం మానుష ప్రమాణాలను మూడుగా చెబుతుంది: లిఖితం, భుక్తి, సాక్షులు. పత్రానికి, మనిషి మాటకు నడుమ భుక్తిని నిలపడం గమనార్హం. భూమి మీద చాలాకాలం ఉండడమే ఒక రకమైన వాఙ్మూలం. యజమాని చూస్తూ మాట్లాడకుండా ఉండగా పరుడు ఇరవై ఏళ్లు అనుభవించిన భూమికి, పదేళ్లు అనుభవించిన ధనానికి హాని కలుగుతుందని ఆ స్మృతి విధానం. అయితే ఆ ‘హాని’ దేనికి? విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఇక్కడ భూమి పోవడాన్ని అంగీకరించడు. పోయేది ఫలమే గాని స్వామ్యం కాదని అతని నిర్ణయం. ఇంతకాలం పరుడు తిన్న పంటను యజమాని తిరిగి అడగలేడు, భూమిని అడగవచ్చు. భుక్తి అనే మాటలోని ‘తినడాన్ని’ విజ్ఞానేశ్వరుడు అక్షరార్థంలో తీసుకొన్నాడని చెప్పవచ్చు. తిన్నది తిరిగి రాదు, నేల మాత్రం తినబడలేదు.

ఈ భుక్తికి జోడుగా నిలిచేది ఆగమం. ఆస్తి ఏ మార్గాన వచ్చింది (క్రయం, దానం, దాయం) అన్నది ఆగమం. వంశక్రమాగతమైన భోగాన్ని మినహాయిస్తే ఆగమం భోగం కంటె అధికమని స్మృతి చెబుతుంది. కొద్దిపాటి భుక్తి కూడా లేని చోట ఆగమానికి బలం లేదని ఆ వెంటనే అంటుంది. కాగితం ఉండి నేల మీద లేనివాడు, నేల మీద ఉండి కాగితం లేనివాడు అనే ఇద్దరు మనుషుల తగవు అప్పటికే శాస్త్రానికి తెలుసు. తెలుగులో మితాక్షరను అనుసరించి విజ్ఞానేశ్వరీయం రచించిన కేతన 13వ శతాబ్దంవాడు, తిక్కన సమకాలికుడు. దశకుమారచరిత్రను, ఆంధ్రభాషాభూషణాన్ని రచించిన కవి వ్యవహారధర్మాన్ని కూడా పద్యంలో చెప్పవలసిన అవసరాన్ని గుర్తించాడు. న్యాయభాష సాహిత్యానికి అన్యమనే భావన తెలుగులో ఎంత ఆధునికమో దీనినిబట్టి తెలుస్తుంది.

తాకట్టు విషయంలో ఇదే భావం మరొక రూపంలో కనిపిస్తుంది. ఆధిని గోప్యం, భోగ్యం అని స్మృతులు విభజిస్తాయి. దాచి ఉంచవలసినది మొదటిది, అప్పు తీరేదాకా ఋణదాత అనుభవించదగినది రెండవది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 58వ సెక్షను చెప్పే స్వాధీన తనఖా ఈ రెండవదానికి చుట్టమే. భూమి అప్పిచ్చినవాని చేతికి వెళ్తుంది, పంట వడ్డీ కింద చెల్లుతుంది, స్వామ్యం కదలదు. అనుభవం స్వామ్యం నుంచి విడివడి ఒకరి చేతిలో నుంచి మరొకరి చేతికి ప్రయాణించగలదన్న భావనకు ఇంతకంటె స్పష్టమైన రూపం లేదు.

దాన శాసనాలలోని అష్టభోగాలు ఆ భావనను వస్తువుల పట్టికగా విడగొట్టాయి. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అన్నవి ఎనిమిది. భూమిలో దాగినది, దాచినది, పారేది, రాయి, తరగనిది, రాబోయేది, చేతికి వచ్చినది, సాధించుకోదగినది. నేటి క్రయ దస్తావేజులలో కూడా ఈ పట్టిక యథాతథంగా సాగుతున్నది. కొన్నింటిలో జలానికీ పాషాణానికీ నడుమ ‘తరు’ చేరింది. అప్పుడు లెక్క తొమ్మిదవుతుంది. చివర మాత్రం ‘అనెడు అష్టభోగములతో’ అని ఎనిమిదే ఉంటుంది. లేఖరి లెక్క చూడలేదని నవ్వుకోవచ్చు గాని, తోటలు కొని అమ్మే ఊళ్లలో చెట్టును విడిచిపెట్టడం ఎవరికీ ఇష్టం లేకపోయిందన్నది అసలు సంగతి. నిధినిక్షేపాల విషయంలో ఆ పట్టిక నేటి చట్టం ముందు అంతగా నిలవదు. భూమిలో దొరికిన నిధికి 1878 నుంచీ వేరే చట్టమే ఉంది. శాసనకాలపు దాత ఇవ్వగలిగినదాన్ని నేటి విక్రేత ఇవ్వలేడు, అయినా ఇస్తున్నట్టే రాస్తాడు.

‘భుక్తి’ అనే మాట మాత్రం తెలుగులో వేరే గతి పట్టింది. నేడు దానికి తిండి, బ్రతుకుతెరువు అన్నవే అర్థాలు. తెలంగాణ సాయుధ పోరాట నినాదంలో భూమి, భుక్తి, విముక్తి అని మూడు మాటలు పక్కపక్కన నిలిచాయి. నినాదాన్ని పలికినవారికి భుక్తి అంటే కూడే. ధర్మశాస్త్ర పరిభాష తెలిసినవారికి మాత్రం భూమి వెంటనే భుక్తి రావడంలో మరొక అర్థం కూడా వినిపిస్తుంది: దున్నుతున్నవాని నేల మీది ఉనికికి గుర్తింపు. ఆ అర్థం ఉద్దేశితం కాకపోవచ్చు. కాని 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే వర్గాన్ని గుర్తించి, తరువాత చేరిన 38-ఇ సెక్షను ద్వారా వారికి స్వామ్యాన్నే బదిలీ చేసే మార్గం తెరిచినప్పుడు చట్టం లెక్కలోకి తీసుకొన్నది ఆ భుక్తినే.

జంటపదాలు, జారిన పదాలు

దస్తావేజు తెలుగులో అనుభవం ఒంటరిగా రావడం తక్కువ. ‘హక్కుభుక్తములు’, ‘స్వాధీనానుభవం’ వంటి జంటలుగా వస్తుంది. హక్కుభుక్తంలో అరబ్బీ నుంచి వచ్చిన పదం, సంస్కృత పదం ఒకే సమాసంలో కలిశాయి. ఏ వైయాకరణుడూ ఒప్పుకోని ఈ సమాసాన్ని రెండు పాలనల కింద బ్రతికిన గుమాస్తా అవసరం నిలబెట్టింది. ఒక మాట అర్థం కాని అధికారికి రెండవది అర్థం కావాలి. అంతకుమించి, ఆ జంట ఆగమం, భుక్తి అనే పాత జంటకు ప్రతిరూపం కూడా. హక్కు ఆగమం వైపు, భుక్తం నేల వైపు నిలుస్తాయి. ‘స్వాధీనానుభవం’ వెనుక ఇంగ్లీషు దస్తావేజుల జంటపద మర్యాద పనిచేసినట్టు తోస్తుంది. పునరుక్తి అని భాషావేత్తలు తరచు విసుక్కొనే ఈ సమాసం నిజానికి పునరుక్తి కాదు. తాళం వేసిన ఖాళీ ఇల్లు స్వాధీనంలో ఉంటుంది, అనుభవంలో ఉండనక్కర లేదు. పక్కవాని పొలం గట్టు మీదుగా నడిచే దారి అనుభవంలో ఉంటుంది, స్వాధీనంలో ఉండదు. ఇరవై ఏళ్లు శాంతియుతంగా, బహిరంగంగా, హక్కుగా, అంతరాయం లేకుండా నడిస్తే 1882 నాటి సౌలభ్య హక్కుల చట్టం 15వ సెక్షను గుర్తించేది ఆ రెండవ రకాన్నే.

ఇటీవలి అనువాదాలు ఈ భేదాన్ని పోగొడుతున్నాయి. అన్యుని భూమిని యజమానికి విరుద్ధంగా, అందరికీ తెలిసేలా, ఎడతెగకుండా పన్నెండేళ్లు పట్టి ఉంటే యజమాని దావా హక్కు కాలదోషం పట్టి, స్వామ్యం కూడా అంతరిస్తుందన్నది 1963 నాటి కాలపరిమితి చట్టంలోని 65వ అధికరణం, 27వ సెక్షను కలిసి చెప్పే నియమం. ప్రభుత్వ భూమికి ఆ గడువు ముప్పై ఏళ్లు. విజ్ఞానేశ్వరుడు ఫలం దగ్గర ఆపిన హానిని ఈ చట్టం స్వామ్యం దాకా తీసుకుపోయింది. ఈ నియమానికి ‘ప్రతికూల అనుభవం’ అనే తెలుగు మాట ప్రచారంలో ఉంది. న్యాయశాస్త్రం తెలియని పాఠకుడు దానిని చేదు అనుభవం అని చదువుతాడు. అతని తప్పు లేదు. 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు, ఈ విధంగా స్వామ్యం పొందినవాడు దానిని డాలుగానే కాక కత్తిగా కూడా వాడవచ్చునని, అంటే వాదిగా దావా వేయవచ్చునని తేల్చింది. అంత బరువున్న భావనకు దినపత్రికలో చెడ్డ ప్రయాణానికి వాడే మాట సరిపోదు. ‘విరుద్ధభుక్తి’ అని ఉంటే పాత పరిభాషతో బంధుత్వం నిలిచేది, సందిగ్ధత తొలగేది.

‘ప్రతికూల స్వాధీనం’ మేలన్నవారూ ఉన్నారు. కాని స్వాధీనం కూడా జారింది. తన అధీనంలో ఉండడం అనే నిశ్చలస్థితికి పేరైన ఆ మాట, ‘పోలీసులు స్వాధీనం చేసుకున్నారు’ అనే వార్తావాక్యం వల్ల లాక్కోవడానికి పేరైంది. కబ్జాకు పట్టిన గతి ఇంకా విచిత్రమైనది. ఉర్దూ రెవెన్యూ పరిభాషలో కబ్జా నిర్దోషమైన మాట. భూమి చేతిలో ఉండడం అని మాత్రమే అర్థం. తెలంగాణ పాత పత్రాలలో ‘కబ్జాలో ఉన్నాడు’ అంటే నింద లేదు. నేటి పత్రికాభాషలో కబ్జాదారు నేరస్థుడు. 1982 నాటి భూ ఆక్రమణల నిషేధ చట్టం శిక్షించేవాడు జనం నోట కబ్జాదారే. నిజాం కాలపు పత్రంలో తాత ‘కబ్జా’ చూసి మనుమడు సిగ్గుపడవలసిన పని లేదు, కాని సిగ్గుపడతాడు. భూమి మీద ఉండడాన్ని చెప్పే మూడు మాటలలో ఒకటి నేరం వైపు, ఒకటి జప్తు వైపు, ఒకటి మనసు వైపు జారిపోగా, నేల మీద ఉన్నవాని స్థితిని నిందలేకుండా చెప్పగల మాట వాడుకలో కరవైంది.

అనుభవదారు గడి

ఆంధ్రప్రదేశ్ అడంగలులో పట్టాదారు పేరుకు వేరుగా అనుభవదారు పేరు, అనుభవ స్వభావం అనే గడులు ఉన్నాయి. కాగితం ఎవరిది, నేల మీద ఎవరు అనే రెండు ప్రశ్నలను విడివిడిగా అడగడం ఈ ఏర్పాటులోని వివేకం. ఆచరణలో ‘అనుభవ స్వభావం’ గడిలో కనిపించే మాటలు ‘అనువంశికం’, ‘కొనుగోలు’ వంటివి. అనుభవం ఎటువంటిదని అడిగితే ఆస్తి ఎలా వచ్చిందో చెబుతున్నారు. భుక్తి గడిలో ఆగమాన్ని నింపుతున్నారు. స్మృతికారులు జాగ్రత్తగా విడదీసినదాన్ని రికార్డు మళ్లీ కలిపేసింది. దీని ఫలితం కౌలుదారు మీద పడుతుంది. పట్టాదారూ అనుభవదారూ ఒకే పేరుగా నమోదైన చోట, దున్నుతున్న మూడవ మనిషికి గడి లేదు.

తెలంగాణలో 2020 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం తరువాత వచ్చిన ధరణి రికార్డులో అనుభవదారు గడే లేకపోయింది. పట్టాదారుల భద్రత దృష్ట్యా ఆ మార్పును సమర్థించినవారు ఉన్నారు. ఆ గడిలో తప్పుడు పేర్లు చేరి ఎన్నో తగవులు పుట్టాయన్న మాటలో నిజం ఉంది. అయితే గడిని తీసివేసినంత మాత్రాన నేల మీది మనిషి మాయం కాడు. అతని గురించిన లిఖితం మాత్రం మాయమవుతుంది. మూడు ప్రమాణాలలో లిఖితం, భుక్తి ఒకదానికొకటి తోడుగా ఉండేవి. ఇక్కడ లిఖితం భుక్తిని చూడడం మానుకొన్నది. 2025లో ఆ చట్టం స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం మరొక మార్గం ఎన్నుకొన్నది. యజమాని అంగీకారంతో పదకొండు నెలలకు ఇచ్చే పత్రంలోని వ్యక్తి ‘సాగుదారు’. ‘అనుభవదారు’ అనే మాటను పక్కన పెట్టడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ఏటేటా కొత్తగా మొదలయ్యే సాగుకు కాలం పోగుపడదు. కాలం పోగుపడితేనే అనుభవం. అనుభవం పోగుపడితే హక్కు అడుగుతుంది. యజమాని భయపడేది ఆ మాటకే. ఆ భయం తగ్గితేనే అతడు సంతకం చేస్తాడు గనుక చట్టం మాట మార్చింది.

‘జీవితాంతం అనుభవించి’

అనుభవించు అనే క్రియ వల్ల ఎక్కువ వ్యాజ్యాలు పుట్టిన చోటు వీలునామా. తెలుగు వీలునామాలలో పరిపాటిగా కనిపించే వాక్యం తీరు ఇది: నా తదనంతరం నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులు దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలెను. ఒకే వాక్యం, రెండు చోట్లా ఒకే క్రియ. మొదటి ‘అనుభవించు’ ఫలం వరకే. రెండవ ‘అనుభవించు’ సంపూర్ణ స్వామ్యం. భేదమంతా విశేషణాలలో ఉంది: ‘జీవితాంతం’ ఒకవైపు, ‘సర్వహక్కులతో’ మరొకవైపు. క్రియ ఖాళీ పాత్రవంటిది. అందులో ఏమి పోస్తే అది. లేఖరి ఒక విశేషణం మరచినా, ‘యథేచ్ఛగా’ అన్నది భార్య వైపు వాక్యంలో పొరపాటున చేర్చినా, ఎకరాల గమ్యం మారుతుంది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ఈ వాక్యాన్ని నిలదీసింది. మొదటి ఉపసెక్షను ప్రకారం హిందూ స్త్రీ స్వాధీనంలోని ఆస్తికి ఆమె పరిమిత యజమాని కాదు, పూర్తి యజమాని. రెండవ ఉపసెక్షను ప్రకారం దానపత్రం, వీలునామా, డిక్రీ వంటి పత్రమే పరిమిత హక్కును నిర్దేశిస్తే ఆ పరిమితి నిలుస్తుంది. మొదటిదానిలోని ‘స్వాధీనం’ ఎంతదాకా? 1959లో కొత్తూరుస్వామి కేసులో సుప్రీంకోర్టు దానిని విశాలంగా తీసుకొన్నది. చేతిలో గాని, అధికారంలో గాని ఉంటే చాలు, నేల మీద ఉండనక్కర లేదన్నది. అంటే ఇక్కడ స్వాధీనం అనుభవాన్ని దాటి హక్కు దాకా సాగింది.

తెలుగు నేల మీద పుట్టిన తులశమ్మ కేసు ఈ చర్చకు కేంద్రం. భర్త మరణానంతరం ఆయన సవతి సోదరుని మీద ఆమె 1944లో నెల్లూరు జిల్లా మున్సిఫ్ కోర్టులో మనోవర్తి దావా వేసింది. డిక్రీ అమలు దశలో 1949లో జరిగిన రాజీ ప్రకారం కొన్ని ఆస్తులు ఆమెకు వచ్చాయి. అయితే జీవితకాలం అనుభవించడానికే, అమ్మే హక్కు లేకుండా. 1960లో ఆమె కొంత ఆస్తిని కౌలుకిచ్చింది. 1961లో కొంత అమ్మింది. అమ్మకం చెల్లదని దావా పడింది. రాజీపత్రంలోని పరిమితి అక్షరం అక్షరంగా ఆమెకు విరుద్ధం. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పు ఆమె పక్షాన వచ్చింది. హిందూ స్త్రీ మనోవర్తి హక్కు ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, పూర్వం నుంచీ ఉన్న హక్కు. ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి మొదటి ఉపసెక్షను కిందికే వస్తుంది. పత్రంలోని ‘జీవితాంతం’ అన్నది చట్టం ముందు నిలవదు. ధర్మశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, న్యాయస్థానం భుక్తిని వర్ణించే విశేషణాన్ని వదిలి ఆగమాన్ని వెదికింది. ఆ స్త్రీ ఎలా అనుభవించాలో రాసిన వాక్యం కంటె, ఆమెకు అది ఎందువల్ల వచ్చిందన్నది బలవత్తరమైంది. ఆగమం భోగం కంటె అధికమన్న స్మృతినియమం, ఆ స్మృతులు స్త్రీకి సంపూర్ణంగా ఇవ్వని స్వామ్యాన్ని ఇవ్వడానికి పనికివచ్చిందని గమనించాలి.

అయితే ఆగమం లేని చోట ఏమిటి? భార్యకు మనోవర్తి కోసమని వీలునామా ఎక్కడా చెప్పకుండా, ‘జీవితాంతం అనుభవించి’ అని మాత్రమే అన్నప్పుడు ఆ మాటకు వెనుక మనోవర్తి హక్కు ఉన్నదని ఊహించుకోవాలా? 2006లో సాధూసింగ్ కేసులో సుప్రీంకోర్టు వీలునామా విధించిన పరిమితిని నిలిపింది. 2015లో, ఆంధ్ర ప్రాంతం నుంచే వెళ్లిన జూపూడి పార్థసారథి కేసులో, వీలునామా ద్వారా భార్యకు వచ్చిన జీవితకాల అనుభవం మనోవర్తి హక్కు కారణంగా సంపూర్ణ స్వామ్యంగా మారిందన్నది. ఇటువంటి వాక్యానికే రెండు ఫలితాలు. తెలుగు లేఖరుల వాక్యాన్ని దీనికి తప్పు పట్టడం తేలిక. నిజానికి ఆ వాక్యం ఏమీ దాచలేదు. భర్త భార్యకు ఫలం ఇచ్చి స్వామ్యం కొడుకులకు ఇవ్వదలచాడు. క్రియ ఫలమన్న తన పాత అర్థాన్నే చెప్పింది. చిక్కు క్రియలో లేదు. ఇల్లాలు ఇన్నేళ్లు ఆ ఇంటిని, పొలాన్ని నిలబెట్టినందుకు ఆమెకు అప్పటికే ఒక హక్కు ఉన్నదా, లేక భర్త కలం కదిపినప్పుడే హక్కు మొదలవుతున్నదా అన్న ప్రశ్నలో ఉంది. వీలునామా రాసే భాషకు ఆ ప్రశ్న అడిగే అలవాటు లేదు. ‘అనుభవించి’ అనే క్త్వార్థక రూపమే అందుకు సాక్ష్యం. భార్య అనుభవం తెలుగు వాక్యంలో ఎప్పుడూ అసమాపక క్రియ. కొడుకుల అనుభవంతోనే వాక్యం ముగుస్తుంది.

2024 డిసెంబరులో తేజ్‌భాన్ కేసు విచారించిన సుప్రీంకోర్టు ధర్మాసనం, 14వ సెక్షను రెండు ఉపసెక్షనుల మీద వచ్చిన తీర్పుల మధ్య పొసగని తీరును పేర్కొని, విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. తెలుగు జిల్లాలలోని దస్తావేజు లేఖరుల నమూనాలలో ఆ అసమాపక క్రియ ఇప్పటికీ అలాగే ఉంది.